బంతి తాకని వేళ

మాజిద్ నాసర్ యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ జాతీయ జట్టుకు ఏళ్ల తరబడి గోల్ కాచినవాడు. 1984లో పుట్టాడు. ఆట మొదలుపెట్టింది ఫుజైరా క్లబ్బులో, పేరు తెచ్చుకుంది దుబాయ్‌లో. అక్కడ మొదట అల్ వస్ల్‌కు, తర్వాత అల్ అహ్లీకి ఆడాడు. గల్ఫ్ కప్పు గెలిచిన జట్టులోనూ, ఆసియా కప్పులో మూడో స్థానం తెచ్చుకున్న జట్టులోనూ గోల్‌కీపర్ అతనే. మధ్యలో ఒకసారి చెయ్యి చేసుకుని నెలల తరబడి ఆటకు దూరమైందీ అతనే. గోల్‌కీపర్ జీవితంలో గెలుపూ పతనమూ ఎక్కడెక్కడ పొంచి ఉంటాయో తెలుసుకోవడానికి ఫుజైరా నుంచి వచ్చిన ఈ ఆటగాడి కథ చాలు.

గోల్‌కీపర్ పని కొలతలతో మొదలవుతుంది. రెండు స్తంభాల నడుమ 7.32 మీటర్లు, నేల నుంచి అడ్డకర్ర దాకా 2.44 మీటర్లు. ఎంత పొడుగు మనిషి చేతులు బారచాపినా అందులో మూడో వంతు కూడా నిండదు. మిగిలిన ఖాళీని ఒంటితో కాదు, నిలబడే చోటుతో కప్పాలి. బంతి తన్నబోయేవాడికి ఎదురుగా రెండడుగులు ముందుకొస్తే అతనికి కనిపించే ఖాళీ తగ్గుతుంది. నాలుగడుగులు వస్తే తల మీదుగా లేపి వేసేస్తాడు. ఎక్కడ ఆగాలన్నది ప్రతిసారీ అప్పటికప్పుడు తేల్చుకోవలసిందే. ఇక ఎదుటివాడి కాలు బంతిని తాకే క్షణానికి రెండు పాదాలూ నేల మీద ఉండాలి, మోకాళ్లు కాస్త వంగాలి, అరచేతులు తెరుచుకోవాలి, ఒళ్లు కదలకూడదు. ఒక పక్కకు ఒరిగిపోయినవాడు రెండో పక్కకు దూకలేడు. గోల్‌కీపర్లకు శిక్షణ ఇచ్చేవాళ్లు రోజూ దిద్దేది ముఖ్యంగా దీన్నే. దూకడం చాలామందికి వస్తుంది. దూకే ముందు ఆగడం కొద్దిమందికే పట్టుబడుతుంది.

ఆ ఆగడం ఒక్క క్షణానిది కాదు. తొంభై నిమిషాల ఆటలో చాలాసేపు గోల్‌కీపర్‌కు బంతితో పనే ఉండదు. కోతకొచ్చిన చేను దగ్గర మంచె మీద కూర్చున్నవాడికి తెల్లవార్లూ పంది రాకపోవచ్చు. వచ్చిన కాసేపట్లో కునుకు తీశాడంటే ఆ ఏటి పంట పోయినట్టే. గోలీ ఉద్యోగం అచ్చంగా అలాంటిది. ఫార్వర్డ్ అయిదు అవకాశాలు చేజార్చి ఆరోది గోల్ చేస్తే ఊరంతా మోస్తుంది. గోలీ అయిదు ఆపి ఆరోది వదిలితే స్కోరుబోర్డు మీద పడేది ఆ ఆరోదే. గోల్‌కీపర్ విలువ కట్టడంలో ఆట లోకం మొదటినుంచీ పిసినారే. ఏటా ఉత్తమ ఆటగాడికిచ్చే బాలన్ డోర్ ఇన్ని దశాబ్దాల్లో ఒకే ఒక్క గోల్‌కీపర్‌కు, 1963లో సోవియట్ ఆటగాడు లేవ్ యాషిన్‌కు, దక్కింది.

తెలుగు నేలకు ఈ పని కొత్తది కాదు. హైదరాబాద్‌లో 1935లో పుట్టిన పీటర్ తంగరాజ్ సికింద్రాబాద్ క్లబ్బుల్లో మొదట సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడాడు. సైన్యంలో చేరి మద్రాస్ రెజిమెంటల్ సెంటర్‌కు ఆడుతూ గోల్ ముందుకు మారాడు. ఆరడుగుల పైచిలుకు మనిషి. 1958లో ఆసియా ఉత్తమ గోల్‌కీపర్ అనిపించుకున్నాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఫ్రాన్స్‌తో 1-1గా డ్రా చేసుకున్న భారత జట్టుకు గోల్‌కీపర్ అతనే, కోచ్ హైదరాబాద్‌కే చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. 1962లో జకార్తా ఆసియా క్రీడల సమయానికి తంగరాజ్ జ్వరంతో పడి ఉన్నాడు, అతని చోట ప్రద్యుత్ బర్మన్ ఆడుతున్నాడు. ఫైనల్‌కు మాత్రం రహీం మళ్లీ తంగరాజ్‌నే దింపాడు. దక్షిణ కొరియా మీద భారత్ 2-1తో గెలిచి బంగారు పతకం తెచ్చుకుంది. గెలిచిన గోల్‌కీపర్ పేరు అందరికీ గుర్తుంది. అక్కడిదాకా గోల్ కాచి, ఫైనల్ రోజున పక్కకు తప్పుకున్న బర్మన్ పేరు కూడా అంతే గుర్తుండాలి. జట్టులో మిగతా స్థానాల్లో ఒకరికి ఇద్దరు, ముగ్గురు ఆడే వీలుంటుంది, అటు ఇటు సర్దుకోవచ్చు. గోల్ ముందు ఒక్కడే. రెండోవాడికి మిగిలేది బెంచీయే.

ఇక ఫుజైరా సంగతి. ఏడు ఎమిరేట్లలో ఆరింటికి పర్షియన్ గల్ఫ్ తీరం ఉంది, దీనికి లేదు. ఇది హజర్ కొండలకు ఇవతల, ఒమాన్ సింధుశాఖ ఒడ్డున ఉంది. ఓడలకు ఇంధనం నింపే రేవుల్లో ప్రపంచంలోనే పెద్దవాటిలో ఒకటి ఇక్కడుంది. తమ వంతు కోసం లంగరేసిన ఓడలు తీరం పొడవునా కనిపిస్తాయి. ఆ రేవు చుట్టూ ఉన్న పనుల్లోనే తెలుగువాళ్లతో సహా ఎందరో భారతీయులకు బతుకుతెరువు. ఫుజైరా క్లబ్బు 1968లో, అంటే యు.ఏ.ఇ. దేశంగా ఏర్పడడానికి మూడేళ్ల ముందే పుట్టింది. దగ్గర్లోనే దిబ్బా, ఖోర్ ఫక్కాన్, కల్బా జట్లున్నాయి. వీటిలో ఖోర్ ఫక్కాన్, కల్బా షార్జా ఎమిరేట్‌వి. తూర్పు తీరం చిన్నదే గానీ పంతాలు పెద్దవి. డబ్బూ పేరూ మాత్రం కొండలకు అవతల, అబుదాబీ, దుబాయ్, అల్ అయిన్ క్లబ్బుల్లో ఉన్నాయి. ఇక్కడ చేయి తిరిగిన కుర్రవాడు కొండ దాటక తప్పదు. మాజిద్ దాటాడు.

ఈ తీరంలో గోల్ కాయడమంటే తేమతో పోరాటం. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో మ్యాచులు పొద్దుగూకాక మొదలైనా సముద్రం మీంచి వచ్చే గాలి ఉక్కగానే ఉంటుంది. గోల్‌కీపర్ గ్లోవ్స్‌లో అరచేతి వైపు మెత్తని లేటెక్స్ పొర ఉంటుంది. అది ఎండిపోయినా పట్టు పోతుంది, చెమటకు పూర్తిగా నానిపోయినా పోతుంది. అందుకే నెట్ వెనక ఒక తువ్వాలు, ఒక నీళ్ల సీసా ఉంటాయి. కొద్దిగా తడి చేసి, తుడిచి, రెండు అరచేతులూ కలిపి ఒత్తి చూసుకుంటారు. అతుక్కుంటున్న చప్పుడు వస్తే పట్టు ఉన్నట్టు. ఆట అవతలి సగంలో సాగుతున్నంతసేపూ గోలీ చేతులకు దొరికే పని ఇదొక్కటే.

అల్ వస్ల్‌లో మాజిద్‌కు కాలం బాగా కలిసొచ్చింది. 2006-07 సీజన్‌లో ఆ జట్టు లీగ్‌నూ ప్రెసిడెంట్స్ కప్పునూ రెండింటినీ గెలిచింది. అదే సీజన్ మధ్యలో, 2007 జనవరిలో, గల్ఫ్ కప్పు అబుదాబీలో జరిగింది. ఎమిరేట్స్ అప్పటిదాకా ఆ కప్పు ఎన్నడూ గెలవలేదు. కోచ్ బ్రూనో మెత్సు, అయిదేళ్ల కిందట సెనెగల్‌ను ప్రపంచ కప్పు క్వార్టర్ ఫైనల్ దాకా తీసుకెళ్లిన ఫ్రెంచివాడు. మొదటి మ్యాచ్‌లో ఒమాన్ చేతిలో 1-2తో ఓడిన ఎమిరేట్స్, జనవరి 30న ఫైనల్లో మళ్లీ ఒమాన్‌నే ఎదుర్కొని ఇస్మాయిల్ మతర్ గోల్‌తో 1-0గా గెలిచింది. పేపర్ల మొదటి పేజీలన్నీ మతర్‌వే అయ్యాయి, అది న్యాయమే. కానీ ఫైనల్లో 1-0 అన్న అంకెలో సగం సున్నాది. ఆ సున్నాను మాజిద్ కాపాడాడు.

ఆ రాత్రి అవతలి గోల్ ముందు నిలబడ్డవాడు అలీ అల్ హబ్సీ. ఇద్దరి దారులనూ పక్కపక్కన పెట్టి చూడాలి. మస్కట్‌లో విమానాశ్రయ అగ్నిమాపక సిబ్బందిలో పనిచేసిన అల్ హబ్సీ 2003లో నార్వే వెళ్లి లిన్ జట్టుకు ఆడాడు, మరుసటి ఏడాది ఆ దేశపు ఉత్తమ గోల్‌కీపర్‌గా బహుమతి పొందాడు. 2006లో ఇంగ్లండ్‌లో బోల్టన్ జట్టులో చేరాడు. అక్కడ ఫిన్లండ్‌కు చెందిన యుస్సి యాస్కెలైనెన్ పాతుకుపోయి ఉన్నందువల్ల లీగ్ మ్యాచ్‌లో అవకాశం కోసం రెండేళ్లకు పైగా ఎదురుచూశాడు. తర్వాత విగన్‌లో మొదటి గోల్‌కీపర్ అయ్యాడు. ఆ జట్టు 2013లో ఎఫ్‌ఏ కప్పు గెలిచిన రోజున మళ్లీ బెంచీ మీదే ఉన్నాడు. 2009 గల్ఫ్ కప్పులో మాత్రం తన సొంత గడ్డ మీద ఒక్క గోల్ కూడా ఇవ్వకుండా ఒమాన్‌ను గెలిపించాడు. గల్ఫ్ నుంచి యూరప్ వెళ్లి నిలదొక్కుకున్న గోల్‌కీపర్ అంటే మొదట చెప్పవలసిన పేరు అతనిదే. మాజిద్ దుబాయ్ దాటి వెళ్లలేదు. సొంత దేశంలో మంచి జీతం, చోటుకు ఢోకా లేకపోవడం, ఇంటి దగ్గర ఉండడం ఎవరికైనా ఆకర్షణే. గల్ఫ్ లీగుల్లో గోల్‌కీపర్ స్థానం చాలాకాలం దేశీయులదే. సౌదీ లీగ్ 2017లో విదేశీ గోల్‌కీపర్లకు తలుపు తెరిచినప్పుడు రియాద్‌లోని అల్ హిలాల్‌కు వచ్చింది ఈ అల్ హబ్సీయే. అలాంటి రక్షణ దేశీ గోల్‌కీపర్‌కు అన్నం పెడుతుంది, పోటీ లేక పదును పోగొడుతుంది కూడా. జాతీయ జట్టుకు నిఖార్సయిన గోల్‌కీపర్ కావాలంటే క్లబ్బుల్లో దేశీయుడికి చోటుండాలి, ఆ చోటు కోసం కుస్తీ పట్టేవాడూ ఉండాలి.

2011లో డియేగో మారడోనా అల్ వస్ల్ కోచ్‌గా వచ్చాడు. దుబాయ్ క్లబ్ మైదానానికి ప్రపంచపు కెమెరాలన్నీ వచ్చాయి. ఆ సీజన్‌లోనే అల్ అహ్లీతో ఒక మ్యాచ్ ముగిశాక మాజిద్ ఆ జట్టు కోచ్, స్పెయిన్‌కు చెందిన కీకే సాంచెజ్ ఫ్లోరెస్‌ను చెంపమీద కొట్టాడు. అట్లెటికో మాడ్రిడ్‌కు 2010లో యూరోపా లీగ్ గెలిచి పెట్టిన కోచ్ అతను. వీడియో లోకమంతా తిరిగింది. దేశీయ పోటీల్లో మాజిద్ మీద సుదీర్ఘ నిషేధం పడింది. 2012 జూన్‌లో గల్ఫ్ క్లబ్బుల కప్పు ఫైనల్లో అల్ వస్ల్ బహ్రెయిన్‌కు చెందిన ముహర్రక్ మీద తొలి మ్యాచ్ 3-1తో గెలిచి కూడా దుబాయ్‌లో జరిగిన రెండో మ్యాచ్ 1-3తో చేజార్చుకుని పెనాల్టీల్లో ఓడింది. ఆ రెండో మ్యాచ్‌లో మాజిద్ ఎర్రకార్డు చూసి బయటికి వెళ్లాడు. పెనాల్టీలు ఆపాల్సిన వేళకు మొదటి గోల్‌కీపర్ మైదానంలో లేడు.

చెంపదెబ్బను సమర్థించడానికి ఏ కారణమూ చాలదు. అయితే అది ఏ వేళ జరిగిందన్నది గమనించాలి. ఆట అయిపోయింది, బంతి ఎక్కడో పడి ఉంది, ఆపవలసిందేమీ లేదు. రెప్పపాటులో స్పందించేలా గోల్‌కీపర్ తన ఒంటికి ఏళ్ల తరబడి తర్ఫీదు ఇస్తాడు. కన్ను చూసింది మెదడు ఆలోచించేలోగానే చేయి అందుకోవాలి. గోల్ ముందు అదే ప్రతిభ, విజిల్ మోగాక అదే ప్రమాదం. ఫార్వర్డ్‌కు కోపమొస్తే పరుగులో ఖర్చు చేసుకోవచ్చు. గోలీకి పరిగెత్తే చోటు లేదు. తొంభై నిమిషాల పాటు పేరుకున్నది ఒంట్లోనే మిగిలిపోతుంది. ఆ మిగులును ఏం చేసుకోవాలో నేర్పే శిక్షణ గ్లోవ్స్ ఎలా తొడుక్కోవాలో నేర్పినంత ముఖ్యం. చాలా క్లబ్బుల్లో అది దెబ్బ తగిలాక గానీ మొదలవదు.

కదలకుండా ఉండడం ఎంత కష్టమో లెక్కలూ చెబుతాయి. ఇజ్రాయెల్‌కు చెందిన మైకేల్ బార్-ఎలి, ఆయన సహచరులు అగ్రశ్రేణి పోటీల్లో తన్నిన 286 పెనాల్టీలను పరిశీలించి 2007లో ఒక పరిశోధన ప్రచురించారు. దాదాపు 29 శాతం బంతులు గోల్ నడిమి భాగానికే వచ్చాయి. గోల్‌కీపర్లు నడిమధ్య నిలబడి ఉన్నది మాత్రం ఆరు శాతం సార్లే. మిగతా సార్లు ఏదో ఒక పక్కకు దూకారు. కారణం పరిశోధకులు చెప్పిందే నమ్మదగ్గది: దూకి ఓడిపోతే ప్రయత్నించాడంటారు, నిలబడి ఓడిపోతే చూస్తూ ఊరుకున్నాడంటారు. పెనాల్టీ బిందువు నుంచి గోల్ గీతకు 11 మీటర్లు. గట్టిగా తన్నిన బంతి దాన్ని అర సెకను లోపే దాటేస్తుంది. తన్నాక చూసి దూకితే ఆలస్యం, ముందే దూకితే జూదం.

మాజిద్ ఆ చెంపదెబ్బ తర్వాత ఎక్కువ కాలం గడవకముందే అల్ అహ్లీలోనే చేరాడు. ఎవరి కోచ్‌ను కొట్టాడో వాళ్ల గోల్ కాయడానికే వెళ్లడం విచిత్రంగా అనిపిస్తుంది గానీ, వృత్తి ఆటలో ఇలాంటి సర్దుబాట్లు జరిగిపోతుంటాయి. 2013-14లో అల్ అహ్లీ లీగ్ గెలిచింది. జాతీయ జట్టులో అతని చోటు మాత్రం వేరేవాళ్ల చేతికి పోయింది. 2013 జనవరిలో మహదీ అలీ శిక్షణలో ఎమిరేట్స్ గల్ఫ్ కప్పు రెండోసారి గెలిచినప్పుడు గోల్ ముందున్నవాడు అలీ ఖసీఫ్.

మళ్లీ చోటు దొరికింది 2015 ఆసియా కప్పులో. ఆస్ట్రేలియాలో జరిగిన ఆ పోటీలో ఎమిరేట్స్ ఖతార్‌ను 4-1తో, బహ్రెయిన్‌ను 2-1తో ఓడించి, ఇరాన్ చేతిలో చివరి క్షణాల్లో ఓడి క్వార్టర్ ఫైనల్ చేరింది. జనవరి 23న సిడ్నీలో ఎదురుగా ఉన్నది అప్పటి ఆసియా విజేత జపాన్. ఏడో నిమిషంలోనే అలీ మబ్ఖూత్ గోల్ కొట్టాడు. ఇక అక్కడినుంచి ఆటంతా ఒకే గోల్ ముందు జరిగింది. జపాన్ ముప్ఫైకి పైగా షాట్లు వేసింది. కొన్ని మాజిద్ చేతికి చిక్కాయి, కొన్ని రక్షకుల కాళ్లకు తగిలాయి, చాలా పక్కకు పోయాయి. 81వ నిమిషంలో షిబసాకి వేసిన షాట్ ఒక్కటి లోపలికి వెళ్లింది. అదనపు సమయమూ 1-1తోనే ముగిసింది.

పెనాల్టీల్లో జపాన్ తరఫున మొదట వచ్చినవాడు కెయిసుకే హోండా. బంతిని అడ్డకర్ర పైనుంచి ఆకాశంలోకి కొట్టాడు. ఎమిరేట్స్ నుంచి ఒమర్ అబ్దుల్ రహ్మాన్ వచ్చి, గోల్‌కీపర్ కవషిమా ఒక పక్కకు ఒరగగానే బంతిని మెత్తగా లేపి నడిమధ్యలో వేశాడు. బార్-ఎలి లెక్క కళ్లముందు నడిచినట్టుంది. ఖమీస్ ఇస్మాయిల్ తన వంతు తప్పాడు, స్కోర్లు సమానమయ్యాయి. ఆరో వంతులో షింజి కగావా కొట్టిన బంతి స్తంభానికి తగిలి బయటికి వచ్చింది. ఇస్మాయిల్ అహ్మద్ తనది వేశాడు. 5-4. జపాన్ పోగొట్టుకున్న రెండు పెనాల్టీల్లో దేన్నీ మాజిద్ ముట్టుకోలేదు. అతని జీవితంలో అతి పెద్ద గెలుపు బంతి అతని చేతికి తగలకుండానే వచ్చింది. అది అదృష్టం మాత్రమే అనడం పొరపాటు. రెండు గంటల పాటు తగ్గకుండా ఎదురు నిలిచిన గోల్‌కీపర్ ముందుకొచ్చి తన్నేవాడికి గోల్ కాస్త ఇరుకుగానే కనిపిస్తుంది. మూలకు కొట్టాలనుకున్నవాడు మరింత మూలకు గురిపెడతాడు. స్తంభానికి తగిలే బంతుల్లో కొన్నింటికి కారణం ఆ ఇరుకే. సెమీఫైనల్లో ఆస్ట్రేలియా 2-0తో గెలిచింది. మూడో స్థానం కోసం జరిగిన ఆటలో ఎమిరేట్స్ ఇరాక్‌ను 3-2తో ఓడించింది.

ఎదురుచూపు అందరినీ ఒకేలా మలచదు. ఎస్టోనియాకు 120 మ్యాచులు ఆడిన మార్ట్ పోమ్ 2003 సెప్టెంబరు 20న సండర్లండ్ గోల్‌కీపర్‌గా తన పాత జట్టు డెర్బీ మీద ఆడుతున్నాడు. ఆట చివరి క్షణాల్లో 0-1తో వెనకబడి ఉండగా కార్నర్‌కు ఎదుటి గోల్ దాకా పరిగెత్తి తలతో గోల్ కొట్టి డ్రా చేశాడు. పాత జట్టు అభిమానులు కూడా చప్పట్లు కొట్టారు. పోమ్ నెమ్మదస్తుడు. ఆట చివర్లో గోల్ వదిలి వెళ్లాలన్న తెగింపు నెమ్మదస్తులకూ వస్తుంది, కానీ అది బంతి ఆడుతుండగా వచ్చింది. మాజిద్ చేయి లేచింది విజిల్ మోగాక. ఇద్దరికీ ఉన్న తేడా అక్కడే ఉంది.

మారడోనా మళ్లీ ఎమిరేట్స్‌కు వచ్చింది మాజిద్ సొంత క్లబ్బుకే. 2014లో పై లీగ్‌కు ఎక్కి 2016లో కిందికి జారిన ఫుజైరా జట్టు 2017 మేలో అతన్ని కోచ్‌గా పెట్టుకుంది. కొండలకు ఇవతల ఉన్న రెండో శ్రేణి జట్టుకు అంత పెద్ద పేరు రావడం ఊరికి పండగే అయింది. 2018 ఏప్రిల్ చివర్లో ఖోర్ ఫక్కాన్‌తో సొంత మైదానంలో ఆట 1-1గా ముగిసి, నేరుగా పై లీగ్‌కు వెళ్లే అవకాశం పోయింది. మారడోనా అదే రోజున తప్పుకున్నాడు. జట్టు ఆ తర్వాత ప్లేఆఫ్ గెలిచి ఎలాగైతేనేం పైకి చేరింది. ప్రపంచానికి గుర్తుండేది మారడోనా వెళ్లిపోవడమే. ఆ ప్లేఆఫ్‌లో గోల్ కాచినవాడి పేరు ఫుజైరా బయట ఎవరికీ తెలియదు.

గోల్‌కీపర్ వయసు మిగతా ఆటగాళ్ల వయసులా సాగదు. పరుగు తగ్గినా చూపు, చోటెంపిక, కేక వేసి రక్షకులను నిలబెట్టడం ముప్ఫై దాటాకే పండుతాయి. 2017లో అల్ అహ్లీ, అల్ షబాబ్, దుబాయ్ క్లబ్బులు కలిసి షబాబ్ అల్ అహ్లీ అయ్యాక కూడా మాజిద్ ఆ గోల్ ముందే కొనసాగాడు, ముప్ఫై అయిదు దాటాక కూడా ఆడాడు. నియమాలు అతని చిన్నప్పటినుంచీ మారుతూ వచ్చాయి. సొంత రక్షకుడు కాలితో వెనక్కిచ్చిన బంతిని చేత్తో పట్టరాదన్న 1992 నిబంధన అతని తరం నుంచి కాలి పనితనం కోరింది. పెనాల్టీకి ఒక పాదమైనా గీత మీద ఉండాలన్న సవరణ 2019లో వచ్చింది. బంతిని ఎనిమిది సెకన్లకు మించి పట్టుకుంటే ఎదుటి జట్టుకు కార్నర్ ఇవ్వాలన్న నియమం 2025లో అమలైంది. పాత గోల్‌కీపర్లకు ఊపిరి పీల్చుకోవడానికి దొరికే కాస్త వ్యవధి కూడా అలా తగ్గింది.

సిడ్నీలో మాజిద్ ఆడిన ఆ ఆసియా కప్పు జట్టులో మరో గోల్‌కీపర్ అల్ అయిన్‌కు చెందిన ఖాలిద్ ఈసా. 2018 డిసెంబరు 18న క్లబ్ ప్రపంచ కప్పు సెమీఫైనల్లో అర్జెంటీనాకు చెందిన రివర్ ప్లేట్‌తో 2-2 తర్వాత పెనాల్టీలు వచ్చినప్పుడు ఎంజో పెరెజ్ కొట్టిన చివరి బంతిని ఈసా తన చేతులతో ఆపి అల్ అయిన్‌ను ఫైనల్‌కు పంపాడు. మరుసటి నెలలో ఎమిరేట్స్ ఆతిథ్యమిచ్చిన ఆసియా కప్పులో జాతీయ జట్టు గోల్ అతని వంతుకు వచ్చింది. ఆ జట్టు సెమీఫైనల్ దాకా వెళ్లి, ఆ కప్పు గెలిచిన ఖతార్ చేతిలో 0-4తో ఓడింది.